ఎక్సెల్ షీట్ ప్రింట్‌కి ఏ మార్జిన్ పెట్టాలి: నార్మల్, నేరో, వైడ్, కస్టమ్‌లలో ఏది దేనికి

షీట్‌లో చివరి కాలమ్ ఒక్కటే రెండో పేజీలోకి జారిపోయిందంటే చాలామంది మొదట చేసే పని, మార్జిన్స్‌లోకి వెళ్లి నేరో నొక్కడం. కాలమ్ వెనక్కి వచ్చేస్తుంది, ప్రింట్ తీసేస్తారు. ఫైల్లో పెట్టడానికి కాగితాలన్నీ సర్ది పంచ్ కొట్టాక చూస్తే క్రమసంఖ్యల కాలమ్ మీద రెండు రంధ్రాలు పడి ఉంటాయి. పైన ఒక లెక్క, కింద ఒక లెక్క కాగితం నుంచి మాయమైపోయాయి.

అందుకే మా సలహా ఒకటే. ప్రింటర్‌లోంచి బయటికొచ్చిన కాగితం తర్వాత ఎక్కడికి వెళ్తుందో ముందు చూసుకుని, మార్జిన్ దానికి తగ్గట్టు పెట్టండి. కాలమ్‌లు పట్టించడానికి వేరే మార్గాలున్నాయి, అవి మార్జిన్ తర్వాత చూసుకోవచ్చు.

రెడీమేడ్ మార్జిన్ల మధ్య తేడా

ఎక్సెల్‌లో పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో మార్జిన్స్ నొక్కితే మూడు కనిపిస్తాయి. నార్మల్‌లో పైన, కింద 1.91 సెం.మీ., ఎడమ, కుడి 1.78 సెం.మీ. వైడ్‌లో నాలుగు వైపులా 2.54 సెం.మీ., అంటే నిండు అంగుళం. నేరోలో ఎడమ, కుడి 0.64 సెం.మీ. మాత్రమే, కానీ పైన, కింద నార్మల్‌లో ఉన్న 1.91 సెం.మీ. అలాగే ఉంటుంది. చాలామంది ఈ చివరి సంగతి గమనించరు. నేరో పెడితే వెడల్పే కలిసొస్తుంది, పేజీకి పట్టే వరసలు ఒక్కటి కూడా పెరగవు. వరసలు పెరగాలంటే అదే మెనూ చివరున్న, కొలతలు మనమే ఇచ్చే కస్టమ్‌లోకి వెళ్లాల్సిందే.

నిలువు ఏ4 వెడల్పు 21 సెం.మీ. అందులో నార్మల్‌కి టేబుల్ కోసం 17.44 సెం.మీ. మిగులుతుంది, నేరోకి 19.73, వైడ్‌కి 15.92. నార్మల్ నుంచి నేరోకి మారితే కలిసొచ్చేది 2.3 సెం.మీ. లోపే. మామూలు వెడల్పున్న కాలమ్ ఒకటి, మహా అయితే ఒకటిన్నర. మూడు కాలమ్‌లు బయటికి జారి ఉంటే నేరో వల్ల పని కాదు, కాగితం అడ్డంగా తిప్పాలి. అడ్డంగా తిప్పితే నార్మల్ మార్జిన్లతోనే 26.14 సెం.మీ. దొరుకుతుంది. ఒకటో అరో కాలమ్ కోసం మార్జిన్ నొక్కేసే ముందు, వివరణ కాలమ్ వెడల్పు కాస్త తగ్గించి వ్రాప్ టెక్స్ట్ (పొడవైన మాటల్ని అదే గడిలో కింది లైన్లోకి తెచ్చేది) పెట్టి చూడండి. చాలా షీట్లకు అదే సరిపోతుంది.

పంచ్, ట్యాగ్, బైండింగ్: వీటిని బట్టే కొలత

ఆఫీసుల్లో వాడే డబుల్ పంచ్ మెషిన్లలో చాలావరకు ఒకే కొలత. రెండు రంధ్రాల మధ్య దూరం 80 మి.మీ., రంధ్రం వ్యాసం 6 మి.మీ., దాని నడిమధ్య కాగితం అంచు నుంచి 12 మి.మీ. లోపల పడుతుంది. అంటే రంధ్రం లోపలి అంచు 15 మి.మీ. దగ్గర ఆగుతుంది. ఇప్పుడు మార్జిన్లను పక్కన పెట్టి చూడండి. నేరోలో అచ్చు 6.4 మి.మీ. దగ్గరే మొదలైపోతుంది కాబట్టి రంధ్రం నేరుగా అక్షరాల మీదే. నార్మల్‌లో 17.8 మి.మీ. కాబట్టి తప్పించుకుంటుంది, కానీ మిగిలింది 3 మి.మీ. కూడా లేదు. పది కాగితాలు కలిపి కొట్టేటప్పుడు నాలుగు కాగితాలు కొద్దిగా పక్కకు జరిగితే చాలు, అంకె తినేస్తుంది. బాక్స్ ఫైల్లోకి వెళ్లే కాగితానికి ఎడమ 2.5 సెం.మీ. పెట్టండి. మందంగా నిండిన ఫైలును తెరిచినప్పుడు ఎడమ అంచు వంపులోకి వెళ్లిపోయినా మొదటి కాలమ్ చదవడానికి వీలుంటుంది.

దీనికోసం వైడ్ ఎంచుకోనక్కర్లేదు. వైడ్ కుడివైపున కూడా 2.54 తీసేసుకుంటుంది, అక్కడ దాని అవసరం ఏమీ లేదు. కస్టమ్‌లో ఎడమ 2.5, కుడి 0.8 ఇస్తే టేబుల్‌కి 17.7 సెం.మీ. దొరుకుతుంది. నార్మల్ కన్నా ఎక్కువే, పంచ్‌కి చోటూ ఉంటుంది. ఒకవైపు ముద్రించి ఫైల్ చేసే కాగితాలకు మాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి సర్దుబాటు లేదు. ఇది పెట్టాక సెంటర్ ఆన్ పేజ్ కింద హారిజాంటల్లీ టిక్ ఉంటే తీసేయండి. ఆ టిక్ వల్ల టేబుల్ కాగితం మధ్యకు రాదు, రెండు మార్జిన్ల మధ్య మిగిలిన చోటుకు నడుమకు వస్తుంది. ఎడమ, కుడి కొలతలు వేరుగా ఉంటే టేబుల్ ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది.

కలెక్టరేట్‌కో, నగరపాలక సంస్థకో ఇచ్చే కాగితాలను ఎడమ పై మూలలో ఒక్క రంధ్రం వేసి ట్యాగ్ కడతారు. అక్కడ పైన కూడా 2.5 సెం.మీ. వదలాలి, లేకపోతే పేజీ తిప్పిన ప్రతిసారీ మూల మడతపడి శీర్షికలో మొదటి మాట పోతుంది. మన విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల ప్రాజెక్టు రిపోర్టులకు వేసే స్పైరల్ బైండింగ్‌కి ఎడమ 2 సెం.మీ. చాలు, రంధ్రాలు అంచుకు దగ్గరగా పడతాయి. అదే రిపోర్టుకు హార్డ్ బైండింగ్ వేయించేటట్టయితే 3.5 సెం.మీ. వదలండి, ఎందుకంటే కుట్టాక పుస్తకం పూర్తిగా విచ్చుకోదు. కాలేజీ వాళ్లు కొలత ఇచ్చి ఉంటే అదే పెట్టాలి.

ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నెలవారీ మెయింటెనెన్స్ లెక్క అంటించేటప్పుడు బైండింగ్ గొడవ లేదు. నాలుగు వైపులా 1 సెం.మీ. పెట్టి, మిగిలిన చోటంతా అక్షరం పెద్దది చేయడానికి వాడండి. నిలబడి రెండడుగుల దూరం నుంచి చదివే కాగితం అది. నేరోలాంటి మార్జిన్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

అడ్డం కాగితం విషయంలో జరిగే పొరపాటు

నిలువు కాగితాలున్న ఫైల్లో ఒక అడ్డం షీట్ పెట్టాలంటే దాన్ని తిప్పి, టేబుల్ పైభాగం ఫైలు వెన్ను వైపు వచ్చేలా పెడతారు. అంటే పంచ్ పడేది ఎడమ మార్జిన్‌లో కాదు, పై మార్జిన్‌లో. అడ్డం షీట్‌కి ఎడమ 2.5 పెట్టి పైన 1 సెం.మీ. వదిలితే శీర్షిక మీద రంధ్రాలు పడతాయి. అడ్డం షీట్‌కి పైన 2.5 పెట్టండి, ఎడమ కుడి 0.64 ఉన్నా పర్వాలేదు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాప్ హాజరు పట్టీ ఉందనుకుందాం. క్రమసంఖ్యకు 0.8 సెం.మీ., పేరుకు 4.5, నెలలో 31 రోజులకు ఒక్కోటి 0.65 చొప్పున 20.15, మొత్తానికి 1.2, సంతకానికి 1.7. కూడితే 28.35 సెం.మీ. అడ్డం ఏ4 వెడల్పు 29.7. నేరోలో మిగిలేది 28.43. కాగితం మీద సరిపోయింది, కానీ మి.మీ. కూడా ఖాళీ లేదు. ఎక్సెల్ కాలమ్ వెడల్పును పిక్సెళ్లకు సర్దుతుంది కాబట్టి ప్రింట్‌లో ఆ కాస్తా దాటిపోయి సంతకం కాలమ్ ఒక్కటే రెండో పేజీకి వెళ్లవచ్చు. పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో విడ్త్ దగ్గర 1 పేజ్, హైట్ దగ్గర ఆటోమేటిక్ పెడితే ఒక శాతమో రెండు శాతమో తగ్గించి అదే సర్దుకుంటుంది.

ఇదే పట్టీని ఎడమవైపు పంచ్ చేసే పద్ధతి మీదైతే ఎడమ 2.5, కుడి 0.64 పోగా 26.56 సెం.మీ. మిగులుతుంది. స్కేల్, అంటే ముద్రించే సైజు, 93 శాతానికి దిగుతుంది, 11 పాయింట్ల అక్షరం 10.2 అవుతుంది. చదవడానికి ఇబ్బందేమీ లేదు. పైవైపు పంచ్ చేస్తే వెడల్పు అసలు తగ్గదు. పోయేది ఎత్తు. పైన 2.5, కింద 1.91 పోగా 16.6 సెం.మీ. మిగులుతుంది, 15 పాయింట్ల ఎత్తున్న వరసలు 31 పడతాయి. నార్మల్‌లో 32 పడేవి. నష్టం ఒక్క వరస. అడ్డం పట్టీలకు పైవైపు ఫైలింగే మేలని మేం చెప్పేది ఈ లెక్క చూసే.

ఈ వెడల్పులు సెం.మీ.లలో ఇవ్వడానికి వ్యూ ట్యాబ్‌లో పేజ్ లేఅవుట్ ఆన్ చేయండి. అక్కడ కాలమ్ విడ్త్ పెట్టె కొలత యూనిట్లలో తీసుకుంటుంది. నార్మల్ వ్యూలో అదే పెట్టె అక్షరాల లెక్కలో అడుగుతుంది.

మార్జిన్ తగ్గించాలా, స్కేల్ తగ్గించాలా

ఎక్సెల్ స్కేల్‌ని 10 శాతం నుంచి 400 శాతం దాకా ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుంది కదా అని ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్ నొక్కేస్తే పెద్ద షీట్ 40 శాతానికి పోయి చీమల బారులా కనిపిస్తుంది. 11 పాయింట్ల అక్షరం 64 శాతం దగ్గర 7 పాయింట్లు. ఇంగ్లీషు అంకెలు అక్కడికీ చదవగలం. తెలుగు చదవలేం. గౌతమి, నిర్మలా యూఐ లాంటి ఫాంట్లలో ఒత్తులు అసలు అక్షరం కన్నా బాగా చిన్నవి, 8 పాయింట్ల లోపు లేజర్ ప్రింట్‌లో కూడా క్ష్మి, స్త్రీ లాంటివి మసకబారిపోతాయి. ఆ కాగితాన్ని మళ్లీ జెరాక్స్ తీస్తే ఒత్తు ఉందో లేదో తెలియదు. తెలుగు పేర్లున్న షీట్‌కి ముద్రించాక 9 పాయింట్లకు తగ్గకుండా చూసుకోండి. 11 పాయింట్లలో కొట్టిన షీట్‌కైతే 82 శాతం హద్దు.

ఆ హద్దు దాటాల్సి వస్తే మార్జిన్ జోలికి పోకుండా రెండు దారులున్నాయి. ఒకటి, రెండు పేజీల వెడల్పుకు విడగొట్టి, ప్రింట్ టైటిల్స్‌లో కాలమ్స్ టు రిపీట్ ఎట్ లెఫ్ట్ దగ్గర పేర్ల కాలమ్ ఇచ్చి అది రెండు పేజీల్లోనూ వచ్చేలా చేయడం. రెండోది ఏ3, అంటే 29.7 × 42 సెం.మీ. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు పెద్ద జెరాక్స్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. ఏ3ని మధ్యకు మడిచి ఏ4 ఫైల్లో పెట్టొచ్చు, కానీ మడత గీత మీద అంకెల కాలమ్ రాకుండా చూసుకోవాలి.

విడ్త్ 1 పేజ్ పెట్టినప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఇది పెద్ద షీట్‌ని తగ్గిస్తుంది గానీ చిన్న షీట్‌ని 100 శాతం దాటించదు, పెంచాలంటే స్కేల్ పెట్టెలో అంకె మీరే ఇవ్వాలి. రెండోది, పేజ్ సెటప్‌లో ఫిట్ టు ఎంచుకుంటే మీరు చేత్తో పెట్టిన పేజ్ బ్రేక్‌లను ఎక్సెల్ లెక్కచేయదు.

సెంటీమీటర్లా, అంగుళాలా

ఇంటర్నెట్‌లో ఎక్కడో 0.7 పెట్టమని చదివి 0.7 కొడతారు. అది అంగుళాల లెక్క. విండోస్ రీజియన్ ఇండియాకు ఉంటే ఎక్సెల్ పేజ్ సెటప్ సెంటీమీటర్లు తీసుకుంటుంది, 0.7 అంటే 7 మి.మీ. అయిపోతుంది. కంప్యూటర్ యూఎస్ సెట్టింగ్‌తో ఉంటే తిరగబడుతుంది. 2.5 అని కొట్టిన వాళ్లకు రెండున్నర అంగుళాలు, అంటే 6 సెం.మీ. పైచిలుకు ఖాళీ వస్తుంది. రెండు వైపుల మార్జిన్లు కలిసి కాగితం వెడల్పును మించితే, మార్జిన్లు పేజీ సైజుకు సరిపోవని ఎక్సెల్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వస్తే ముందు యూనిట్‌నే అనుమానించండి. మామూలుగా నార్మల్ ఎంచుకుని కస్టమ్ మార్జిన్స్ తెరిస్తే తెలిసిపోతుంది. పైన 1.9 కనిపిస్తే సెం.మీ., 0.75 కనిపిస్తే అంగుళాలు. మార్చాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడిషనల్ సెట్టింగ్స్, మెజర్‌మెంట్ సిస్టమ్.

సున్నా మార్జిన్ ఎందుకు పనిచేయదు

ఎక్సెల్ 0 తీసుకుంటుంది, ప్రింటర్ తీసుకోదు. కాగితాన్ని లాగే రోలర్లకు పట్టు కావాలి, అంచు దాకా ఇంకు పోయకూడదు. మామూలు లేజర్ ప్రింటర్లు చుట్టూ 4 మి.మీ. పైన వదిలేస్తాయి. కొన్ని పాత ఇంక్‌జెట్లు కింది అంచున 12 మి.మీ. దాకా ముద్రించలేవు. టేబుల్ కుడివైపు చివరి గీత కాగితం మీద కనిపించకపోతే కారణం ఇదే. గీత షీట్‌లో ఉంది, ప్రింటర్ దాటలేని పట్టీలో పడింది.

మీ ప్రింటర్ హద్దు ఎంతో ఊహించనక్కర్లేదు, కొలిచేయొచ్చు. కొత్త షీట్ తీసి ఏ1 నుంచి జెడ్80 దాకా సెలెక్ట్ చేసి లేత బూడిద రంగు నింపండి. నాలుగు మార్జిన్లూ, హెడర్, ఫుటర్ (పేజీ పైన, కింద వచ్చే లైన్లు) కూడా 0 చేసి, మొదటి పేజీ ఒక్కటే ప్రింట్ తీయండి. రంగు అంటని తెల్ల అంచును నాలుగు వైపులా స్కేలుతో కొలవండి. కుడివైపు, కింద మాత్రం చివరి కాలమ్, వరస పూర్తిగా పట్టక తర్వాతి పేజీకి పోతాయి కాబట్టి తెల్ల అంచు అసలు హద్దు కన్నా ఎక్కువ కనిపించవచ్చు. ఒక్కోవైపు ఒక్కోలా ఉంటుంది. వచ్చిన కొలతకు 2 మి.మీ. కలిపితే అదే మీ కనీస మార్జిన్.

ఆ 2 మి.మీ. మన ఊళ్లో తప్పనిసరి. సముద్రపు తేమకు విప్పేసి ఉంచిన రీమ్ మెత్తబడుతుంది, అంచులు ముడుచుకుంటాయి, ట్రేలోంచి కాస్త వంకరగా లోపలికి పోతుంది. షీట్‌లో అంతా సరిగ్గా ఉన్నా అచ్చు ఒక పక్కకు ఒరుగుతుంది. వానాకాలంలో ట్రేలో ఆ పూటకు సరిపడా కాగితాలే ఉంచి, మిగతావి వాటి కవర్లోనే మూసి ఉంచితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

హెడర్ టేబుల్ మీదికి వచ్చేస్తే

ఎక్సెల్‌లో హెడర్ కొలత కూడా కాగితం అంచు నుంచే, నార్మల్‌లో 0.76 సెం.మీ. పై మార్జిన్‌తో దానికి సంబంధం లేదు. సంస్థ పేరు, చిరునామా, నెల అని మూడు లైన్ల హెడర్ రాస్తే అది కిందికి పెరుగుతూ వచ్చి 1.91 దాటి మొదటి వరస మీద పడుతుంది. లైన్‌కి అర సెం.మీ. చొప్పున లెక్క వేసి, దానికి హెడర్ దూరం కలిపి, ఇంకో అర సెం.మీ. వదిలి పై మార్జిన్ పెట్టండి. మూడు లైన్లకు 2.8 సెం.మీ. అవుతుంది. మార్జిన్ పెంచడం ఇష్టం లేకపోతే ఆ మూడు లైన్లు షీట్ మొదటి వరసల్లోనే రాసి, రోస్ టు రిపీట్ ఎట్ టాప్‌లో ఇవ్వండి. ఈ పెట్టె పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లోని ప్రింట్ టైటిల్స్ ద్వారా తెరిస్తేనే పనిచేస్తుంది. ప్రింట్ ప్రివ్యూలోంచి పేజ్ సెటప్ తెరిస్తే మసకగా ఉండిపోతుంది.

ఎక్సెల్, కాల్క్, గూగుల్ షీట్స్

మార్జిన్ల మీద పూర్తి పట్టు కావాలంటే ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ కాల్క్ గానీ. ఎక్సెల్‌లో మార్జిన్ ఒక్కో షీట్‌కి విడిగా ఉంటుంది. పన్నెండు నెలల పన్నెండు ట్యాబ్‌లుంటే మొదటి దాన్ని నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిది నొక్కి, అన్నిటికీ కలిపి ఒకేసారి పెట్టండి. తర్వాత రైట్ క్లిక్ చేసి అన్‌గ్రూప్ షీట్స్ ఇవ్వడం మర్చిపోతే ఏప్రిల్‌లో కొట్టిన అంకె మిగతా పదకొండు నెలల్లోనూ పడుతుంది. ఇది చిన్న తప్పు కాదు.

కాల్క్‌లో ఫార్మాట్ మెనూలో పేజ్ స్టైల్ తెరవాలి. అక్కడ మార్జిన్ స్టైల్‌కి చెందుతుంది, అదే స్టైల్ వాడే షీట్లన్నీ ఒక్కసారే మారతాయి. ఒక్క షీట్‌కే వేరే మార్జిన్ కావాలంటే దానికి కొత్త స్టైల్ చేయాలి. కాల్క్‌లో హెడర్ పై మార్జిన్ లోపల ఉండదు, మార్జిన్ అయిపోయాక మొదలవుతుంది. అందువల్ల అదే కొలత పెట్టినా ఎక్సెల్ కన్నా వరసలు తక్కువ పడతాయి. హెడర్, ఫుటర్ వద్దనుకుంటే ఆ ట్యాబ్‌లలో టిక్ తీసేయండి. కాల్క్‌కి ఉన్న మంచి లాభం, మిర్రర్డ్ లేఅవుట్. రెండువైపులా ముద్రించి బైండ్ చేసే లెడ్జర్‌కి లోపలి, బయటి మార్జిన్లు వేర్వేరుగా పెట్టుకోవచ్చు. ఎక్సెల్‌లో అది లేదు. అక్కడ రెండువైపులా ముద్రిస్తే వెనక పేజీకి బైండింగ్ కుడివైపు పడుతుంది కాబట్టి ఎడమ, కుడి రెండూ 2 సెం.మీ. చేయడం ఒక్కటే దారి.

గూగుల్ షీట్స్‌లో కంట్రోల్, పి నొక్కితే కుడి పక్కన మార్జిన్స్ వస్తాయి. నార్మల్, నేరో, వైడ్ కాకుండా కస్టమ్ నంబర్స్ కూడా ఉంది, స్కేల్ దగ్గర ఫిట్ టు విడ్త్ ఉంది. నలుగురూ కలిసి నింపే షీట్‌ని ఒకసారి ప్రింట్ తీసుకోవడానికి ఇది చాలు. ప్రతి నెలా ఒకే కొలతతో ఫైల్లోకి వెళ్లే కాగితానికైతే డౌన్‌లోడ్ చేసి ఎక్సెల్‌లోనో కాల్క్‌లోనో ముద్రించండి.

జెరాక్స్ షాపులో

ఇంట్లో అన్నీ సరిచూసుకుని ఎక్సెల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే షాపు కంప్యూటర్‌లో పేజీలు వేరేగా విడిపోవడం మామూలే. ఎక్సెల్ పేజీ లెక్క ఆ కంప్యూటర్‌కున్న డిఫాల్ట్ ప్రింటర్‌ని బట్టి వేస్తుంది. అక్కడ మీ తెలుగు ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్ వచ్చి వెడల్పులూ మారతాయి. కాగితం సైజు లెటర్‌కి మారితే వెడల్పు 21.6, ఎత్తు 27.9 అయిపోయి కింది వరసలు తర్వాతి పేజీకి పోతాయి. పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. ప్రింట్ ఇచ్చే ముందు షాపు అతన్ని ఒక్కటి అడగండి, పీడీఎఫ్ ప్రింట్ పెట్టెలో ఫిట్ కాకుండా యాక్చువల్ సైజ్ పెట్టమని. ఫిట్ ఉంటే షీట్ నాలుగైదు శాతం కుంచించుకుపోయి మీరు కొలిచి పెట్టిన మార్జిన్లు మారిపోతాయి. వంద పేజీలు ఇచ్చే ముందు ఒక్క పేజీ తీయించి, ఎడమ అంచు నుంచి టేబుల్ మొదటి గీత దాకా స్కేలు పెట్టి చూసుకోండి. 2.5 సెం.మీ. ఉంటే మిగతావి ఇవ్వమనండి.